ముందు ఎజెండా మీద సంతకం

రెండు దేశాలు కొట్టుకుంటుంటే మధ్యలో కూర్చుని రాజీ కుదర్చడం కూడా ఒక ఉద్యోగమే. జీతం ఉంటుంది, పై అధికారులు ఉంటారు, నైట్ డ్యూటీలు ఉంటాయి. ఆ పనిలో రాల్ఫ్ బంచ్‌ను మించినవాళ్లు తక్కువ. నోబెల్ అందుకున్న తొలి నల్లజాతి వ్యక్తిగా జీకే పుస్తకంలో ఆయన పేరు మీరు చదివే ఉంటారు. అసలు ఏం చేస్తే ఆ బహుమతి వచ్చిందో మాత్రం ఆ పుస్తకాలు చెప్పవు.

అమెరికాలోని డెట్రాయిట్‌లో పుట్టారు. తండ్రి బార్బర్. చిన్నతనంలోనే తల్లి చనిపోతే లాస్ ఏంజెలెస్‌లో అమ్మమ్మ లూసీ జాన్సన్ పెంచింది. స్పోర్ట్స్ స్కాలర్‌షిప్‌తో కాలేజీలో చేరి, బాస్కెట్‌బాల్ ఆడుతూ, ఖర్చుల కోసం కాలేజీ జిమ్ ఊడుస్తూ 1927లో క్లాసులో ఫస్టు వచ్చారు. హార్వర్డ్‌లో సీటొచ్చింది, వెళ్లడానికి డబ్బుల్లేవు. ఊళ్లోని నల్లజాతి వాళ్లు చందాలేసుకుని 1,000 డాలర్లు పోగుచేసి పంపించారు.

ఇక పీహెచ్‌డీ టాపిక్ చూడండి. పశ్చిమ ఆఫ్రికాలోని టోగో, దహోమీ ప్రాంతాలను ఫ్రాన్స్ ఎలా పాలిస్తోందన్నది ఆయన పరిశోధన. 1934లో ఆ సబ్జెక్టుతో ఉద్యోగం ఎవరిస్తారని మీ ఇంట్లోవాళ్లైనా అడిగేవాళ్లే. ఏడేళ్లు గడిచాయి. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా ప్రభుత్వానికి ఆఫ్రికా గురించి తెలిసినవాళ్లు అర్జెంటుగా కావాల్సొచ్చింది. అప్పటికి వాషింగ్టన్‌లోని హోవార్డ్ యూనివర్సిటీలో పాఠాలు చెబుతున్న బంచ్‌ను పిలిపించుకున్నారు. అక్కణ్నుంచి విదేశాంగ శాఖకు, తర్వాత ఐక్యరాజ్యసమితికి వెళ్లారు. ఐరాస చార్టర్‌లో వలస ప్రాంతాలకు సంబంధించిన అధ్యాయాల రచనలో ఆయన చెయ్యి ఉంది.

1948లో పాలస్తీనాలో యుద్ధం మొదలైంది. మధ్యవర్తిగా ఐరాస పంపిన స్వీడన్ దొర ఫోల్కె బెర్నడాట్‌కు బంచ్ సహాయకుడు. సెప్టెంబర్ 17న జెరూసలేంలో ఇద్దరూ కలవాల్సి ఉంది. బంచ్‌కు దారిలో ఆలస్యమైంది. ఈలోపే యూదు తీవ్రవాదులు బెర్నడాట్‌ను కారులోనే కాల్చేశారు. ఆయన పక్కన కూర్చున్న ఫ్రెంచ్ కల్నల్ కూడా చనిపోయారు. చనిపోయిన బాస్ కుర్చీలో ఇప్పుడు బంచ్ కూర్చోవాలి. కూర్చున్నారు.

1949 జనవరి 13న గ్రీసులోని రోడ్స్ దీవిలో ఒక హోటల్లో చర్చలు మొదలయ్యాయి. ఈజిప్టు వాళ్లకో అంతస్తు, ఇజ్రాయెల్ వాళ్లకో అంతస్తు. మొదట్లో బంచే ఆ గదికీ ఈ గదికీ తిరిగి మాట్లాడేవారు. తర్వాత తన గదిలోనే ఇద్దర్నీ కూర్చోబెట్టారు. పెద్ద తగాదా జోలికి వెళ్లకుండా ముందు ఎజెండా రాసి దాని మీద రెండు పక్షాల చేతా సంతకం పెట్టించారు. ఒకసారి కలిసి సంతకం పెట్టడం అలవాటైతే రెండోసారి అంత కష్టం కాదని ఆయన లెక్క. గుర్తుగా ఇవ్వడానికి స్థానికంగా పింగాణీ పళ్లేలు కూడా చేయించారు. ఒప్పందం కుదిరితే ఇవి మీకే, లేదంటే మీ తలల మీదే పగలగొడతానని హాస్యమాడేవారట!

అసలు చిక్కు ఫలూజా దగ్గర వచ్చింది. అక్కడ దాదాపు 4,000 మంది ఈజిప్టు సైనికులు ఇజ్రాయెల్ చుట్టివేతలో నెలల తరబడి ఇరుక్కుపోయి ఉన్నారు. వాళ్లు క్షేమంగా ఇంటికి చేరకుండా ఈజిప్టు ముందుకు రాదు. వాళ్లను వదిలితే చేతిలో ఉన్న పట్టు పోతుందని ఇజ్రాయెల్ భయం. బంచ్ డ్రాఫ్టు రాస్తారు, కొట్టేస్తారు, మళ్లీ రాస్తారు. ఫిబ్రవరి 24న సంతకాలయ్యాయి, సైనికులు వెనక్కి వెళ్లారు. లెబనాన్, జోర్డాన్, సిరియాలతో కూడా జులై 20 కల్లా పూర్తయింది.

అప్పుడే అధ్యక్షుడు ట్రూమన్ విదేశాంగ శాఖలో పెద్ద పోస్టు ఇస్తామన్నారు. బంచ్ వద్దన్నారు. కారణం, వాషింగ్టన్‌లో బళ్లూ హోటళ్లూ అప్పటికింకా తెల్లవాళ్లకు వేరు, నల్లవాళ్లకు వేరు. పిల్లల్ని మళ్లీ అక్కడికి తీసుకెళ్లడం ఆయనకిష్టం లేదు. మంచి ఆఫర్ కాదనుకోవడం ఎంత కష్టమో మీకు వేరే చెప్పాలా! 1950లో నోబెల్ ప్రకటించినప్పుడు కూడా మొదట వద్దనే అనుకున్నారు, ఐరాస పెద్దలు చెబితేనే ఒప్పుకున్నారు.

ఆ ఒప్పందాలు కాల్పులు ఆపాయి, అంతే. ఇల్లు వదిలిన దాదాపు 7 లక్షల మంది పాలస్తీనీయుల సంగతి తేలలేదు. 1956లో సూయెజ్ గొడవ తర్వాత ఈజిప్టు సరిహద్దులో ఐరాస శాంతిసేనను నిలబెట్టింది కూడా బంచే. పదేళ్లకు పైగా అది పనిచేసింది. 1967 మేలో ఆ సేనను పంపించెయ్యమని ఈజిప్టు అధ్యక్షుడు నాజర్ అడిగారు. ఫలూజాలో ఇరుక్కుపోయి బంచ్ ఒప్పందంతో ఇల్లు చేరిన అధికారుల్లో ఈ నాజర్ ఒకరు. సేన కదిలింది, మూడు వారాల్లోపే యుద్ధం వచ్చింది. బంచ్ 1971 డిసెంబర్ 9న కన్నుమూశారు. 1949లో ఆయన గీయించిన గీతల పేరు ఆ ప్రాంతపు చర్చల్లో ఇప్పటికీ వినిపిస్తూనే ఉంది.