పినెల్ పండితుడు

మతి చలించినవానిని గొలుసుతో కట్టియుంచుట ఒకప్పుడు లోకమంతటను ఆచారమై యుండెను. మన పల్నాటిలో మాచవరమువంటి యూర నొకనికి బుద్ధి వికలమైనచో గాలి సోకినదనియో, చేతబడి జరిగినదనియో తలచి భూతవైద్యునికై కబురంపెడివారు. పారిసువంటి మహానగరమున రాతి గదిలో గోడకు కట్టివేసెడివారు. పద్ధతులు వేరైనను రోగి పడు బాధ యొక్కటియే. ఈ దురాచారమునకు ఎదురు నిలిచిన వైద్యులలో ఫ్రెంచి దేశీయుడగు ఫిలిప్ పినెల్ పేరును మొదట చెప్పుదురు. అతని కీర్తి యుచితమైనదే. కాని అతనికి ఆ విద్యను నేర్పిన గురువు ఏ విశ్వవిద్యాలయమునను చదివినవాడు కాడు.

పినెల్ 1745వ సంవత్సరము ఏప్రిల్ 20వ తేదీన దక్షిణ ఫ్రాన్సున జన్మించెను. తండ్రి పల్లెలలో శస్త్రవైద్యము చేసి జీవించువాడు. పినెల్ మొదట మతాచార్యుడు కావలెనని చదివెను. పిదప మనసు మార్చుకొని 1773లో తులూజు నగరమున వైద్యపట్టమును పొందెను. 1778లో అతడు పారిసు చేరెను. తులూజు పట్టము పారిసున చెల్లదని అచ్చటి వైద్యులు త్రోసిపుచ్చిరి. గణితము బోధించియు, ఆంగ్ల వైద్యగ్రంథములను ఫ్రెంచిలోనికి అనువదించియు, ఒక వైద్యపత్రికకు సంపాదకుడైయు అతడు పదునైదేండ్లు పొట్ట పోసికొనెను. స్వభావముచేత బిడియస్థుడు. నలుగురి నడుమ నోరు విప్పవలెనన్న జంకెడివాడు. పోటీ పరీక్షలలో పరీక్షకుల మెప్పు పొందలేకపోయెను. అయినను ఎదుటివాడు చెప్పుచున్నంతసేపు ఓపికతో వినగల గుణము అతనికి పుట్టుకతో వచ్చినది. అదియే తరువాత అతనికి పెట్టుబడి యయ్యెను.

ఆ దినములలో అతని మిత్రుడొక యువకుడు న్యాయశాస్త్రము చదువ పారిసుకు వచ్చి, రాత్రింబవళ్లు పుస్తకములలో మునిగి, ఆహారమును తగ్గించి, తుదకు మతి తప్పెను. పినెల్ అతనికి సాయపడ నెంతయో యత్నించెను. తల్లిదండ్రులు వచ్చి కుమారుని స్వస్థలమునకు గొనిపోయిరి. ఒకనాడు ఆ యువకుడు ఇల్లు వెడలి అడవిలోనికి పరుగిడెను. తరువాత అతని శవము మాత్రమే దొరకెను. తాను చదివిన వైద్యశాస్త్రమంతయు ఒక్క మిత్రుని కాపాడలేకపోయెనను దుఃఖము పినెల్‌ను విడువలేదు. నాటినుండి అతడు మనోవ్యాధులను గూర్చియే చింతింపసాగెను.

1789లో ఫ్రాన్సున మహావిప్లవము చెలరేగెను. 1793 జనవరిలో ప్రజలు తమ రాజునకు శిరచ్ఛేదము చేసిరి. ఆ సంవత్సరముననే పినెల్ బిసేత్రు వైద్యశాలకు వైద్యుడుగా నియమింపబడెను. బిసేత్రు పారిసునకు దక్షిణమున నున్న పెద్ద కట్టడము. పేదలు, వృద్ధులు, రోగులు, నేరస్థులు అందరకును అదియే నెలవు. అందొక భాగమున మతిచలించిన పురుషులు ఇంచుమించు 200 మంది యుండిరి. వారిలో కొందరు ఏండ్ల తరబడి సంకెలలలో నుండిరి.

ఆ భాగమునకు అధికారి జాన్ బాప్తిస్త్ పుస్సిన్. అతడు ఇంచుమించు పినెల్ ఈడువాడు. తోళ్లను పదునుచేయు వృత్తివాడు. 1771లో గండమాల అను వ్యాధిచేత పీడితుడై బిసేత్రులో రోగిగా చేరెను. వ్యాధి నయమైనను వెలుపలికి పోక, అచ్చటనే పనికి కుదిరెను. మొదట బాలుర విభాగమును, పిదప 1785 ప్రాంతమున మతిచలించినవారి విభాగమును అతనికి అప్పగించిరి. భార్య మార్గరీతు అతనికి కుడిభుజమై యుండెను. రోగిగా మంచముపై పరుండి, పరిచారకుల కసురుమాటలు పడినవానికి ఆ మాటల బరువు తెలియును. పుస్సిన్ చేసిన సంస్కరణలన్నియు ఈ యెరుకనుండి పుట్టినవే.

రోగి ఎంత ఆగ్రహించినను పరిచారకుడు చేయి చేసికొనరాదని అతడు కట్టడి చేసెను. మాట తప్పినవారిని పనినుండి తొలగించెను. వారి స్థానమున ఎవరిని తెచ్చెననునదియే విశేషము. ఆ వైద్యశాలలోనే మతి కుదుటపడినవారిని, కోలుకొనుచున్నవారిని ఎంచి, వారికి పని నేర్పి, పరిచారకులుగా నియమించెను. వెలుపలినుండి వచ్చిన కూలివాడు రోగిని జూచి భయపడును, భయపడినవాడు కొట్టును. తానును ఆ చీకటిని దాటి వచ్చినవాడు భయపడడు. రోగి యెప్పుడు నిజముగా ఉద్రేకించునో, ఎప్పుడు బెదరి అరచునో అతడు గుర్తింపగలడు. మరియొక లాభము కూడ కలదు: ఇతరుని కనిపెట్టుచుండుటచేత కోలుకొన్నవాని మతియే మరింత స్థిరపడును.

పట్టము లేని ఈ మనుష్యుని జూచి మరియొక వైద్యుడైనచో ముఖము త్రిప్పుకొనెడివాడే. పినెల్ అట్లు చేయలేదు. తనకు తెలిసిన శాస్త్రపు మాటలను ప్రక్కన బెట్టి, పుస్సిన్ వెంట గదిగదికి తిరిగెను. రోగులతో కూర్చుండి వారి మాటలను వినెను. విన్నదియు కన్నదియు వ్రాసికొనెను. రక్తము తీయుట వంటి ప్రాత చికిత్సలు మేలుకంటె కీడే చేయుచున్నవని గ్రహించి వానిని తగ్గించెను.

ఆ వ్రాతలలో ఒక గడియారపు పనివాని కథ కలదు. అతడు పారిసున పేరుపొందిన నేర్పరి. ఎన్నడును ఆగని యంత్రమును నిర్మింపవలెనను పట్టుదలచే నిద్రాహారములు మాని, విప్లవపు భయముచే మరింత కలతచెంది మతి చెడెను. తన తలను నరికివేసిరనియు, న్యాయాధిపతులు తీర్పు మార్చుకొని తల తిరిగి అతికింప ఆజ్ఞాపించినప్పుడు పొరబాటున మరియొకని తలను అతికించిరనియు అతడు నమ్మెను. బిసేత్రులో అతనికి పనిముట్లను తెప్పించి యిచ్చి, కోరిన యంత్రమునే చేసికొన నిచ్చిరి. యంత్రము కొంత తిరిగి ఆగిపోయెను. పలుమారులు అట్లే జరుగగా ఆ పిచ్చి కొంత వదలెను. తల మారెనను భ్రమ మాత్రము పోలేదు.

అప్పుడు అతని భ్రమను పోగొట్టుటకు కోలుకొనుచున్న మరియొక రోగిని ఏర్పాటు చేసిరి. అతడు హాస్యప్రియుడు. గడియారపు పనివానితో చెలిమి చేసి, తెగిన తన తలను చేతులలో పట్టుకొని ముద్దుపెట్టుకొనుచు నడచెనని చెప్పబడు డెనిస్ అను క్రైస్తవ సాధువు ప్రసక్తిని తెచ్చెను. అది సాధ్యమేనని పనివాడు గట్టిగా వాదించి, తన తలనే నిదర్శనముగా చూపెను. అంతట ఆ రోగి పకపక నవ్వి, చేతులలోని తలను సాధువు దేనితో ముద్దుపెట్టుకొనెను, మడమతోనా యని యడిగెను. చుట్టునున్నవారందరును నవ్విరి. పనివాడు తెల్లబోయి, సిగ్గుపడి లేచిపోయెను. మరెన్నడును తల మాట యెత్తలేదు. కొన్ని నెలలు తన పని తాను చేసికొని, స్వస్థుడై కుటుంబమును చేరుకొనెను. ఇదే మాటను వైద్యుడు చెప్పియుండినచో అది వాదమై యుండెడిది. తోటిరోగి నోట అది నవ్వులాట యయ్యెను.

పినెల్ ఉపాయములన్నియు ఇట్లు ఫలింపలేదు. ఒక దర్జీ తనకు మరణశిక్ష పడనున్నదను భయముచే కృశించిపోవుచుండెను. ముగ్గురు యువవైద్యులకు న్యాయాధిపతుల వేషము వేయించి, విచారణ జరిపించి, అతడు నిర్దోషి యని తీర్పు చెప్పించెను. దర్జీ కొంత తేరుకొనెను. కాని ఎవరో అవివేకముచే అది నాటకమని అతనికి తెలిపిరి. వెంటనే వ్యాధి తిరుగబెట్టి, మరి నయము కాలేదు. ఈ యోటమిని పినెల్ దాచలేదు. తన గ్రంథమున ఉన్నదున్నట్లు వ్రాసెను.

1795లో పినెల్‌ను స్త్రీల వైద్యశాలయగు సాల్‌పేత్రియేరుకు మార్చిరి. పుస్సిన్ బిసేత్రులోనే యుండెను. 1797లో అచ్చటి రోగుల సంకెలలను తీయించినవాడు పుస్సినే. అప్పుడు పినెల్ అచ్చట లేడు. మిక్కిలి ఉద్రేకించినవారికి మాత్రము కొంతసేపు చేతులను బంధించు మోటు చొక్కాను తొడిగించెడివాడు. అదియు ఒక బంధనమే యైనను గొలుసు కంటె మేలు. సాల్‌పేత్రియేరులో తానొక్కడే ఇట్టి మార్పును తేజాలనని పినెల్ పుస్సిన్‌ను పంపుడని అధికారులను పలుమారులు కోరెను. 1802లో ఆ కోరిక నెరవేరెను. అనేక సంవత్సరములు ఆ యిరువురును అచ్చట కలిసి పనిచేసిరి.

తరువాతివారు కథను మార్చివేసిరి. పినెల్ ఒక్కనాట తన చేతులతో బిసేత్రు సంకెలలను విప్పెనని అతని కుమారుడే వ్రాసెను. 1876లో రాబర్ట్ ఫ్లూరీ యను చిత్రకారుడు పినెల్‌ను నడుమ నిలిపి, సాల్‌పేత్రియేరు స్త్రీల బంధవిమోచనమును చిత్రించెను. పినెల్ మాత్రము అట్టి గొప్పను కోరినవాడు కాడు. 1801లో ప్రకటించిన తన మనోవ్యాధి గ్రంథమున పుస్సిన్ నేర్పును మెచ్చుకొనుచు, అతనివలన తాను నేర్చుకొంటినని ఒప్పుకొనెను. గొప్ప వైద్యులలో ఇట్లు వ్రాసిన వారు అరుదు.

పుస్సిన్ పద్ధతి చాలకాలము మరుగున పడెను. 2009లో లండను నైరుతి భాగమున, మనోవ్యాధినుండి కోలుకొన్నవారు వైద్యులతో సమానముగా బోధకులై తోటివారికి పాఠములు చెప్పు విద్యాలయము వెలసెను. పిమ్మట అనేక దేశములలో అట్టివి ఏర్పడినవి. సంకెలలు మాత్రము అంత సులభముగ పోలేదు. 2001 ఆగస్టు 6వ తేదీన తమిళనాడులోని ఏర్వాడిలో ఒక ఆశ్రయమునకు నిప్పంటుకొనగా, గొలుసులతో కట్టబడి పరుగిడలేక 25 మందికి పైగా రోగులు మాడిపోయిరి. భారతదేశమున 2017వ సంవత్సరపు మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము మనోవ్యాధిగ్రస్తులను ఏ విధముగనైనను గొలుసులతో బంధించుటను నిషేధించినది.

పుస్సిన్ 1811లో మరణించెను. పినెల్ విజ్ఞాన పరిషత్తు సభ్యుడై, నెపోలియన్ చక్రవర్తికి సంప్రదింపు వైద్యుడై గౌరవము పొందెను. 1822లో రాజకీయ కారణములచే ప్రభుత్వము వైద్యకళాశాలను రద్దుచేసి, అతని ఆచార్య పదవిని తొలగించెను. అయినను అతడు సాల్‌పేత్రియేరును విడువలేదు. 1826 అక్టోబరు 25వ తేదీన, ఆ వైద్యశాలలోనే, తన 81వ యేట కన్నుమూసెను. అతని దేహమును పారిసులోని పేర్ లాషేజ్ శ్మశానవాటికలో ఖననము చేసిరి.