రాబర్టు మోగ్: మెట్ల పెట్టెకు విద్యుత్తు నేర్పినవాడు

మిరప కోతలు ముగిసి, గుంటూరు యార్డునకు టిక్కీలు చేరు దినములలో, చేత నాలుగు రూకలాడుచుండగా మా ప్రాంతపు రైతు తన బిడ్డకొక కీబోర్డు కొనిపెట్టవలెనని తలచుట ఈ నడుమ తఱచుగా చూచుచున్నాను. పల్లెలలో దానిని కాసియో అందురు. ఏ కంపెనీ చేసినను అది కాసియోయే. ఆ తండ్రులలో కొందఱు తెలుగు చెప్పుకొని బ్రతుకు నన్ను, ఏది కొనవలెనని అడుగుదురు. సంగీతమున నాకు గల ప్రవేశము, చిన్ననాడు కోటప్పకొండ తిరునాళ్ళలో తెల్లవార్లు నాటకములు చూచినంత మాత్రమే. ఐనను అడిగినవానికి ఏదో చెప్పవలెను గదా! సమాధానము వెదకుచు పోగా, ఒక మనుష్యుని చరిత్ర నా కంటబడినది.

ఆతని పేరు రాబర్టు ఆర్థర్ మోగ్. అమెరికావారిలోను పెక్కుమంది ఆ పేరును మూగ్ అని పలుకుదురు. ఆయన మాత్రము తన పేరు మోగ్ అనియే చెప్పుకొనెడివాడు. ఆ రెండింటికి గల భేదము తెలుగువారికి తెలిసినంతగా ఆయనకును తెలియదు. ఒకటి నోరులేనిది, మఱియొకటి మ్రోగునది.

1934వ సంవత్సరము మే 23వ తేదీన న్యూయార్కు నగరమున మోగ్ జన్మించెను. తండ్రి ఆ నగరమునకు విద్యుత్తు సరఫరా చేయు కంపెనీలో ఇంజనీరు. కుమారుడు పియానో విద్వాంసుడు కావలెనని తల్లి కోరిక. ఆమె బాలుని పియానో ముందు కూర్చుండబెట్టి సాధన చేయించెడిది. బాలుని మనస్సు మాత్రము ఇంటి క్రిందిగదిలో తండ్రి పనిముట్లపై నుండెడిది. ఆ ఇద్దఱిలో ఎవరి కోరిక నెగ్గినదని అడిగినచో చెప్పుట కష్టము.

1949లో, ఒక పత్రికలోని పటము చూచి ఆ బాలుడు థెరమిన్ అను వాద్యమును స్వయముగా తయారుచేసెను. రష్యా దేశీయుడగు లెవ్ థెరమిన్ 1920 ప్రాంతమున కనిపెట్టిన ఈ వాద్యమును వాయించుటకు తాకనక్కఱలేదు. దాని లోహపు కడ్డీల చెంత చేతులు గాలిలో కదల్చినచో, ఒక చేతికి స్వరము హెచ్చి తగ్గును, రెండవ చేతికి ధ్వని పెరిగి తరుగును. దీనికి మెట్లు లేవు, తీగలు లేవు. ఒక స్వరమునుండి వేఱొక స్వరమునకు జారుటయే కాని దూకుట దానికి తెలియదు. మన విద్వాంసులు జారు అని చెప్పు గమకము దానికి పుట్టుకతో వచ్చినది. ఈ సంగతి చదువరులు జ్ఞాపకముంచుకొందురు గాక. ముందు దీనితో పని కలదు.

ఇంకను విద్యార్థిగా నుండగనే, 1954లో, తండ్రితో కలిసి ఆర్. ఏ. మోగ్ కంపెనీ అను పేర థెరమిన్లు అమ్మ నారంభించెను. క్వీన్స్ కళాశాలలో భౌతికశాస్త్రమును, కొలంబియాలో విద్యుత్ ఇంజనీరింగును చదివి, కార్నెల్ విశ్వవిద్యాలయమున 1965లో డాక్టరేటు పొందెను.

ఇంతలో 1963 చివర, రాచెస్టరు పట్టణమున పాఠశాలల సంగీతోపాధ్యాయుల సభ జరుగగా, థెరమిన్లు అమ్ముకొనుటకై మోగ్ అచటికి పోయెను. అచట హెర్బర్టు డాయిష్ అను సంగీతాధ్యాపకుడు ఆయనతో మాట కలిపెను. ఉపాధ్యాయుల సభలలో వేదికపై ఉపన్యాసములకన్న వరండాలలో జరుగు సంభాషణలే ఫలవంతములని మనలో అనుభవజ్ఞులెఱుగుదురు. మఱుసటి వేసవిలో ఆ ఇద్దఱును కలిసి ఒక క్రొత్త వాద్యమునకు రూపము తెచ్చిరి.

అంతకు పూర్వము విద్యుత్తుతో సంగీతము చేయవలెనన్నచో గదినిండ యంత్రములుండవలెను. ఒక్కొక్క నాదమును టేపుపై పట్టి, కత్తిరించి, అతికింపవలెను. నాదమును పుట్టించు పరికరము, దానిని వడబోయు పరికరము, దాని హెచ్చుతగ్గులను దిద్దు పరికరము, వీనినన్నిటిని చేతితో గుండీలు త్రిప్పుటకు మాఱుగా స్వల్పమైన విద్యుత్ పీడనముతోనే నడుపవచ్చునని మోగ్ చూపెను. ఒక వోల్టు పెంచిన, నాదము సరిగా ఒక స్థాయి పైకి పోవును. మధ్యస్థాయి షడ్జము తారషడ్జమగును. ఆ వోల్టును పండ్రెండు సమభాగములు చేసిన, పండ్రెండు స్వరస్థానములు దొరకును. భౌతికశాస్త్రము చెప్పు పంతులుగారును సంగీతము చెప్పు పంతులుగారును ఒకే నల్లబల్లపై వ్రాసికొనదగిన లెక్క ఇది.

ఆ వోల్టును వాద్యములోనికి పంపుటకు సాధనమేమి? ఇచటనే అసలు చిక్కు వచ్చినది. డాయిష్ పియానో మెట్లవైపు మొగ్గెను. ఆ కాలముననే కాలిఫోర్నియాలో ఇట్టి వాద్యమునే నిర్మించుచున్న డాన్ బుక్లా, మెట్లు పెట్టినచో జనులు పాత పాటలే వాయింతురని తలచి, వానిని త్యజించి వ్రేలి తాకిడికి పలుకు పలకలనమర్చెను. మోగ్ మెట్లనే స్వీకరించెను. బుక్లాదే సరియైన త్రోవ యనువారు నేటికిని కలరు. తెలిసిన బాటవెంట తెలియని ఊరికి కొనిపోవుట దోషము కాదని నా అభిప్రాయము. పాఠము చెప్పువారమందఱము చేయుచున్నది అదియే.

1968లో కార్లోస్ అను సంగీతవేత్త ఈ వాద్యముపై బాఖ్ కృతులను వాయించి రికార్డు వెలువరింపగా, మోగ్ పేరు లోకమంతట వినబడెను. కాని ఆ వాద్యము బీరువాయంత. ఒక్కొక్క తడవకు ఒక్క స్వరమే పలుకును. కనుక ఒక్కొక్క వరుసను వేఱువేఱుగ టేపుపై పట్టి కలుపవలసి వచ్చినది. వీపున మోసికొని పోయి పందిరిలో వాయించు వస్తువు కాదు.

చిన్నవాద్యము మోగ్ ఆలోచనలోనుండి పుట్టలేదు. ఆయన కంపెనీలో పనిచేయు బిల్ హెంసాత్ అను ఇంజనీరు, మధ్యాహ్న భోజన విరామములలో, అటకపై పడియున్న పనికిరాని సామగ్రిని ఏఱి ఒక చిన్న పెట్టె కట్టెను. మోగ్‌కు దానిపై నమ్మకము కుదురలేదు. కంపెనీ అప్పులలో మునుగుచుండెను. తమ జీవనము పోవునను భయముతో పనివారు, 1970లో యజమాని ఊరలేని సమయమున, ఆ వాద్యమును అమ్మకమునకు సిద్ధము చేసిరి. తిరిగివచ్చిన మోగ్ తొలుత కోపించెను, పిదప సమ్మతించెను. అదియే మినీమోగ్. మెట్లు 44. తీగలతో గుండీలను కలుపుకొనవలసిన పని లేదు. వెల 1,495 డాలర్లు. 1981 వఱకు సుమారు 12,000 వాద్యములు తయారైనవి.

మెట్లకు ఎడమప్రక్కన ఆ పనివారు రెండు చిన్న చక్రములనమర్చిరి. కుడిచేత మెట్టును నొక్కి, ఎడమ బొటనవ్రేలితో ఒక చక్రమును త్రోసినచో, స్వరము మెట్టును విడిచి పైకో క్రిందికో జారును. థెరమిన్‌నుండి మోగ్ ఎఱిగియున్న జారు, మెట్లున్న వాద్యమునకును చిక్కినది.

ఇది మనకేల అందురేమో. తెనాలి, గుంటూరు రంగస్థలములపై పద్యమెత్తుకొన్న నటునకు హార్మోనియము ప్రాణము. ఆతడు గుక్క త్రిప్పుకొనులోపల రాగమును నేల పడనీయక అందుకొనునది అదియే. అట్టి వాద్యమును ఆలిండియా రేడియో 1940లో వెలివేసెను. 1971 వఱకు ఆ నిషేధము సడలలేదు. పండితుల ఆక్షేపణలలో ముఖ్యమైనది, దాని మెట్లు కదలవనుట, గమకము పలుకదనుట. తోడి గాంధారమును మెట్టుపై నిలిపి పలికించినచో తోడి యగునా? ఆక్షేపణ అన్యాయమని నేను చెప్పజాలను. నాటకములు వినిన చెవి కనుక, హార్మోనియము లేని లోటును సహింపజాలను.

కనుక తండ్రులకు నేనిప్పుడు చెప్పుచున్న మాట ఇది. పెట్టెలో ఐదువందల వాద్యముల పేర్లున్నవని దుకాణమువాడు చెప్పిన, దానికి లోబడవద్దు. ఎడమప్రక్కన ఆ చక్రమున్నదా? ఉన్నచో బిడ్డను త్రిప్పి చూడనిండు. మెట్లు బిడ్డ వ్రేళ్ళకు సరిపడు వెడల్పుగలవా? చవుకగా దొరకు చిన్నవానిలో సన్నని మెట్లుండును. అవి అలవాటైన చేయి తరువాత హార్మోనియముపై తడబడును. స్థలము, ధనము కలిగిన 61 మెట్లది మేలు. లేనిచో తక్కువ మెట్లైనను ఫరవాలేదు, మినీమోగ్‌నకు నాలుగు స్థాయిలైనను నిండలేదు గదా!

ఆ చిన్నపెట్టె విజయము మోగ్‌ను కాపాడలేదు. 1971లో అప్పులవలన కంపెనీ పరులపాలై, బఫెలో పట్టణము చెంతకు తరలెను. 1973లో మఱియొక పెద్ద సంస్థ దానిని కొనెను. తన పేరు గల కంపెనీలో తాను ఉద్యోగియై, 1977లో విడిచిపెట్టెను. ఆపైన నార్త్ కరోలినాలోని ఆష్‌విల్ చేరి క్రొత్త కంపెనీ పెట్టుకొనెనేకాని, దానికి తన పేరు పెట్టుకొను హక్కు ఆయనకు లేకపోయెను. పేరు కూడ అమ్ముడుపోయినది. బిగ్ బ్రయర్ అని పిలుచుకొని, బాల్యమున మొదలిడిన థెరమిన్లనే మరల చేయసాగెను. కొంతకాలము అచటి విశ్వవిద్యాలయమున బోధించెను కూడ. పాత కంపెనీ 1980ల నడుమ మూతపడెను.

2001లో స్వీడను దేశమువారు పోలార్ సంగీత బహుమానమిచ్చి గౌరవించిరి. 2002లో, న్యాయవివాదములు గడచిన పిమ్మట, మోగ్ అను పేరు మరల ఆయనదైనది. ఆ యేడే తన కంపెనీకి ఆ పేరు పెట్టుకొని, వాయేజర్ అను క్రొత్త మినీమోగ్‌ను వెలువరించెను. మూడేండ్లు గడచిన పిదప, 2005 ఆగస్టు 21వ తేదీన, మెదడులో కంతివలన, 71వ యేట ఆష్‌విల్‌లో మరణించెను. ఆ చివరి వాద్యమునకును మెట్లు 44. ఎడమప్రక్కన రెండు చక్రములు.