'అ' దగ్గర ఆగిన పని

ఇప్పుడు ఏ డౌటొచ్చినా ఫోన్ తీసి వెతికేస్తాం. వందేళ్ళ కిందట తెలుగు మాత్రమే చదవగలిగినవాళ్ళకి భూగోళం గురించో, భౌతికశాస్త్రం గురించో తెలుసుకోవాలంటే పుస్తకాలే అరుదు. ఆ లోటు తీర్చడానికి జీవితమంతా వెచ్చించిన మనిషి కొమర్రాజు వెంకట లక్ష్మణరావు గారు.

ఆయన 1877లో కృష్ణా జిల్లా పెనుగంచిప్రోలులో పుట్టారు. చిన్నప్పుడే తండ్రి పోవడంతో అక్క భండారు అచ్చమాంబ దగ్గర పెరిగారు. నాగపూర్‌లో మరాఠీ వాతావరణంలో చదువుకున్నా తెలుగుని వదల్లేదు. తర్వాత మునగాల సంస్థానానికి దివానుగా పనిచేశారు.

1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం పెట్టినవాళ్ళలో ఆయనొకరు. 1906లో మొదలైన విజ్ఞానచంద్రికా గ్రంథమండలికి ఆయనే ప్రాణం. చరిత్ర, జీవశాస్త్రం, భౌతికశాస్త్రం మామూలు పాఠకుడి ఇంటికి తెలుగులో చేరింది ఆ మండలి పుస్తకాల వల్లే.

అదీ చాలలేదాయనకి. లోకంలోని విషయాలన్నీ అకారాది క్రమంలో తెలుగులో ఉండాలనుకున్నారు. మద్రాసులో ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం పని మొదలుపెట్టారు. చాలా శాస్త్రాలకి తెలుగులో మాటలే లేవు; మాటా వెతకాలి, విషయమూ రాయాలి. ఎన్నో వ్యాసాలు తనే రాసుకున్నారు. మూడు సంపుటాలు వచ్చాయి, అయినా 'అ' అక్షరం దాటలేదు. 1923లో, 46 ఏళ్ళకే మద్రాసులో కన్నుమూశారు.

తర్వాత ఆ పనిని కాశీనాథుని నాగేశ్వరరావు గారు అందుకున్నారు. ఇవాళ మనలో ఎవరైనా తమ బ్రాంచి సబ్జెక్టు మీద తెలుగు వికీపీడియాలో ఒక్క వ్యాసం రాసినా, లక్ష్మణరావు గారు ఆపిన చోట అందుకున్నట్టే.