విల్బర్ రైట్: సర్టిఫికెట్ అందని ఇంజనీరు

విల్బర్ రైట్ 1867లో అమెరికాలోని ఇండియానాలో పుట్టాడు. హైస్కూలు చదువు ముగిసినా, కుటుంబం ఊరు మారడంతో సర్టిఫికెట్ అందుకోలేదు. ఐస్ హాకీలో మూతి పళ్లు రాలి కాలేజీ ఆశా పోయింది. క్షయతో మంచాన పడ్డ తల్లికి సేవ చేస్తూ ఇంట్లోనే ఉండిపోయాడు. తర్వాత తమ్ముడు ఆర్విల్‌తో కలిసి డేటన్‌లో సైకిల్ షాపు పెట్టాడు.

గ్లైడర్ల కోసం వాళ్లు వెతుక్కున్న కిట్టీహాక్ మన ఉద్దానం తీరంలాంటిదే: ఇసుక, సముద్రపు గాలి. 1901లో గ్లైడర్ లెక్క ప్రకారం లేవలేదు. దాంతో అచ్చయిన పట్టికలనే అనుమానించారు. షాపులో ఆరడుగుల చెక్కపెట్టెలోకి గాలి తోలి, దాదాపు 200 రెక్కల నమూనాలు పరీక్షించారు. నాకైతే విమానం కన్నా ఆ పెట్టే ముద్దు. 1903 డిసెంబర్ 17న, నాలుగో ప్రయత్నంలో విల్బర్ 59 సెకన్లు, 852 అడుగులు ఎగిరాడు. 1912లో టైఫాయిడ్‌తో పోయాడు, 45 ఏళ్లకే.