కర్నల్ సి. కె. నాయుడు

మన దేశమున క్రికెట్టు ఆటకు తొలిదినములలో గౌరవము చేకూర్చినవారిలో కర్నల్ కొట్టారి కనకయ్య నాయుడు అగ్రగణ్యుడు. ఆయన 1895వ సంవత్సరము అక్టోబరు 31వ తేదీన నాగపూరులో స్థిరపడిన ఒక తెలుగు కుటుంబమున జన్మించెను. తండ్రి సూర్యప్రకాశరావు ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో విద్య నభ్యసించినవాడు. కనకయ్య నాయుడు బాల్యమునుండియు క్రికెట్టుపై మక్కువ పెంచుకొని, నాగపూరులో చదువుకొను దినములలోనే మంచి ఆటగాడని పేరు పొందెను.

ఆ కాలమున బొంబాయి నగరములో ఐరోపావారు, పార్శీలు, హిందువులు, ముస్లిములు వేరువేరు జట్లుగా ఏర్పడి పోటీపడుచుండిరి. 1916లో నాయుడు హిందువుల జట్టులో మొదటిసారిగా ఆడెను. బంతి నేలను తాకకుండ హద్దు దాటినచో ఆరు పరుగులు లభించును. ఆనాడు ఆయన సంపాదించిన మొదటి పరుగులే ఆ ఆరు పరుగులు!

1923లో ఇందూరు సంస్థానాధిపతి యగు హోల్కరు మహారాజు ఆయనను తన కొలువునకు రప్పించి, సైన్యములో కెప్టెన్ పదవి నిచ్చెను. కాలక్రమమున ఆయన కర్నల్ అయ్యెను. పొడవైన విగ్రహము, నిటారైన నడక, వేళ తప్పని అలవాటు, ఎవరికిని జంకని స్వభావము ఆయనకు సహజములు. సైనికునకు తగిన ఆ క్రమశిక్షణను ఆయన ఆటస్థలమునకును తీసికొనివచ్చెను.

అప్పుడు మన దేశము ఆంగ్లేయుల పాలనలో నుండెను. వారు నేర్పిన ఆటలో మనవారు వారితో సరితూగగలరా యను సందేహము పలువురి కుండెను. 1926లో ఇంగ్లండునుండి మెరిలిబోన్ క్రికెట్ క్లబ్బు జట్టు మన దేశమునకు వచ్చెను. బొంబాయి పోటీలో ఆ జట్టు ఆటగాడు గై ఎర్ల్ ఎనిమిది సిక్సర్లు కొట్టి జనులను ఆశ్చర్యపరచెను. నాయుడు బ్యాటు పట్టి అంతకు మించిన సమాధాన మిచ్చెను. రెండు గంటలైన నిండకముందే 11 సిక్సర్లతో, 13 ఫోర్లతో 153 పరుగులు చేసెను. అతిథులు ఆయన ప్రతిభను మెచ్చి వెండి బ్యాటును బహూకరించిరి. భారతీయులు టెస్టు పోటీలకు అర్హులను నమ్మకము ఆ ఆటతో బలపడెను.

1932లో ఆ అవకాశము రానే వచ్చెను. ఇంగ్లండు వెళ్లిన మన జట్టుకు నాయకుడు పోరుబందరు మహారాజు. ఆయన తనకంటె సమర్థుడే నాయకత్వము వహించవలెనని ఉదారబుద్ధితో తప్పుకొనెను. జూన్ 25వ తేదీన లార్డ్స్ మైదానమున భారతదేశపు మొదటి టెస్టు పోటీకి నాయుడు నాయకుడయ్యెను. పందెము మొదలైన కొద్దిసేపటికే ఇంగ్లండు జట్టు 19 పరుగులకు ముగ్గురిని కోల్పోయి దిగ్భ్రాంతి చెందెను. బంతిని ఆపబోయి నాయుడు చేతికి గాయము తగిలించుకొనెను. అయినను ఆ చేతితోనే ఆడి 40 పరుగులు చేసెను. మొదటి విడతలో మన జట్టున అంతకంటె నెక్కువ పరుగులు చేసినవారు లేరు. పందెములో మనవారు 158 పరుగుల తేడాతో ఓడిపోయినను, వారి శక్తిని లోకము గుర్తించెను. ఆ పర్యటనలో నాయుడు 1,618 పరుగులు చేసి, 65 వికెట్లు పడగొట్టెను.

1936లో మరల ఇంగ్లండు వెళ్లిన జట్టుకు విజయనగర మహారాజకుమారుని నాయకునిగా నియమించిరి. లోగడ తాను నడిపిన జట్టులోనే నాయుడు ఇతరుని నాయకత్వమున ఆడవలసివచ్చెను. మానధనునకు అది కష్టమే. అయినను ఆయన తన కర్తవ్యమును విడువలేదు. ఓవల్ మైదానమున జరిగిన తన కడపటి టెస్టు పోటీలో, అలెన్ వేగముగా విసరిన బంతి ఆయన దేహమునకు గట్టిగా తగిలెను. ఆయన ఆ నొప్పిని లెక్కింపక 81 పరుగులు చేసెను. అప్పటికి ఆయన వయస్సు నలుబది సంవత్సరములు దాటియుండెను.

ఆ పిదపను ఆయన విశ్రాంతి కోరలేదు. రంజీ పోటీలలో హోల్కరు జట్టును తీర్చిదిద్ది, విజేతగా నిలిపెను. 1945-46లో, ఏబదవ యేట, ఒకే విడతలో 200 పరుగులు చేసెను. ఏబదియేండ్లు దాటిన పిమ్మట నొకసారి ఫాడ్కర్ విసరిన బంతి తగిలి ఆయన పండ్లు ఊడెను. ఆయన క్రీజు వదలక, వేగము తగ్గింపవద్దని బౌలరునకే చెప్పి ఆటను కొనసాగించెను. 1953లో ఆంధ్రరాష్ట్ర మేర్పడిన సంవత్సరముననే ఆంధ్ర జట్టు రంజీ పోటీలలో ప్రవేశింపగా, దానికి నాయకత్వము వహించెను. అరువదియొకటవ యేట ఉత్తరప్రదేశ్ జట్టున ఆడెను.

భారత ప్రభుత్వము 1956లో ఆయనను పద్మభూషణ బిరుదముతో సత్కరించెను. 1967 నవంబరు 14వ తేదీన ఇందూరులో ఆయన కన్నుమూసెను. యువకుల పోటీలలో ఒక బహుమతికిని, క్రికెట్టు బోర్డు పెద్ద ఆటగాండ్రకిచ్చు పురస్కారమునకును ఆయన పేరు పెట్టిరి.

ఆయన ఆడిన టెస్టు పోటీలు ఏడు మాత్రమే. పరుగుల లెక్కలో ఆయనను మించినవారు పిమ్మట అనేకులు వచ్చిరి. కాని పదవి ఉన్నను లేకున్నను, దేహము నొచ్చినను, చేపట్టిన పనిని తలవంచక నెరవేర్చుటయే ఆయన గొప్పతనము. ఆటలోనైనను, బ్రతుకులోనైనను, అట్టి ధైర్యమే మనుష్యునకు నిజమైన అలంకారము.