నమ్మి మోసపోయిన మనసు: పునీత అగుస్తీను

ఆగస్టు 27న పునీత మోనికమ్మను, మరునాడు ఆమె కుమారుడు పునీత అగుస్తీనును శ్రీసభ స్మరించుకుంటుంది. తల్లి కన్నీళ్లు, మిలాను తోటలో కొడుకు మనసు మారడం మన విచారణలలో ప్రతి ఏటా వినేవే. ఆ నడుమ గడిచిన పదమూడేళ్ల గురించి మాత్రం తక్కువగా చెప్పుకుంటాం. ఆ కాలంలో అగుస్తీను ఒక మతశాఖలో చిక్కుకున్నాడు. అందులోనుంచి బయటపడ్డాక దేన్నీ నమ్మలేని స్థితికి వచ్చాడు. ఏదో ఒక గుంపు మాట విని ఇల్లు కాదనుకొని వెళ్లి, తిరిగి వచ్చి ఎవరితోనూ మాట్లాడక కూర్చున్న బిడ్డ ఉన్న కుటుంబాలకు ఈ భాగమే ఎక్కువ పనికివస్తుంది.

అగుస్తీను 354 నవంబరు 13న ఉత్తర ఆఫ్రికాలోని తగాస్తేలో పుట్టాడు. నేటి అల్జీరియాలోని సూక్ అహ్రాస్ పట్టణం అదే. తండ్రి పత్రిసియుసుది కొద్దిపాటి ఆస్తి. రొమానియానుసు అనే ధనికుడి సాయంతో కుర్రవాడు కార్తేజులో చదువుకున్నాడు. పందొమ్మిదో ఏట సిసెరో గ్రంథం ఒకటి చదివి సత్యం తెలుసుకోవాలని తహతహలాడాడు. పరిశుద్ధ గ్రంథం తెరిచాడు. ఆనాటి లతీను అనువాదం మోటుగా తోచి మూసివేశాడు. సరిగ్గా అప్పుడే మానీ మతస్థులు ఎదురయ్యారు.

క్రీ.శ. 216లో బబులోనియా ప్రాంతంలో పుట్టిన మానీ స్థాపించిన మతమది. వెలుగు ఒకటి, చీకటి ఒకటి, రెండూ అనాదిగా ఉన్నవే. చీకటిలో చిక్కుకున్న వెలుగు కణాలను విడిపించడమే రక్షణ అని వారి బోధ. వారిలో రెండు తరగతులు. ఎన్నికైనవారు పెళ్లాడరు, మాంసమూ ద్రాక్షారసమూ ముట్టరు, చెట్టునుంచి పండు కూడా కోయరు. వారికి భోజనం తెచ్చిపెట్టడం శ్రోతల పని. ఎన్నికైనవారు తింటే ఆ పండులోని వెలుగు విడుదలవుతుందట! అగుస్తీను తొమ్మిదేళ్లు శ్రోతగా ఉండి అలా భోజనం మోసినవాడే.

ఇంత తెలివైనవాడు ఎలా పడ్డాడని మనకు అనిపిస్తుంది. తెలివైనవాడు కాబట్టే పడ్డాడు. శ్రీసభ ముందు నమ్మమంటుంది, మేము అంతా రుజువు చేసి చూపిస్తాం అని వారు ఆశ పెట్టారు. పైగా పాపం చేసేది నీవు కాదు, నీలోని చీకటి అన్నారు. ఈ మాట మొదట హాయిగానే ఉంటుంది. కాని తన తప్పు తనది కాదని ఏళ్ల తరబడి విన్నవాడికి, తన మంచి మాత్రం తనదేనని ఎలా నమ్మకం కలుగుతుంది?

మోనికమ్మ కొడుకును కొంతకాలం ఇంట్లోకి రానివ్వలేదు. తరువాత మెత్తబడి, ఒక మేత్రాణుల దగ్గరకు వెళ్లి, వాడితో వాదించి మార్చమని బతిమాలింది. ఆయన ఒప్పుకోలేదు. చిన్ననాడు తన తల్లే తనను మానీ మతస్థులకు అప్పగించిందనీ, వారి పుస్తకాలు దాదాపు అన్నీ చదవడమే కాక స్వయంగా నకళ్లు రాశాననీ, ఎవరూ వాదించకుండానే అందులోని అబద్ధం తనకే తెలిసివచ్చిందనీ ఆమెకు చెప్పారు. నాకు ఈ పేరు తెలియని మేత్రాణులంటే ఎంతో గౌరవం. ఒకసారి ఆ దారి నడిచినవారు మాత్రమే అలాంటి ఓపిక చూపగలరు.

సందేహం గ్రహణాలతో మొదలైంది. ఖగోళ శాస్త్రజ్ఞులు లెక్కకట్టి చెప్పిన రోజున గ్రహణం వస్తోంది. మానీ గ్రంథాలు ఆ లెక్కకు పొసగడం లేదు. అడిగితే, ఫౌస్తుసు వస్తాడు, అన్నీ విప్పి చెబుతాడు అనేవారు. 383లో ఆయన రానే వచ్చాడు. మాట తీపి, చదువు కొద్ది. అయినా తనకు తెలియదని నిజాయితీగా ఒప్పుకున్నాడు. అందుకు అగుస్తీను ఆయనను మెచ్చుకున్నాడు గాని, ఆ మతం మీద ఆశ అక్కడితో పోయింది.

ఆశ పోయినంతమాత్రాన బయటికి రావడం కాదు. అదే ఏడు రోముకు వెళ్లినప్పుడు దిగింది ఒక శ్రోత ఇంట్లోనే. జబ్బుపడి మంచమెక్కిందీ అక్కడే. 384లో మిలానులో దొరికిన ఉపాధ్యాయ పదవికీ వారి పలుకుబడి తోడైంది. తిండి, నీడ, ఉద్యోగం, స్నేహం అన్నీ ఒకే ముడిలో ఉన్నప్పుడు ఆ ముడి విప్పడం ఎంత కష్టమో!

తరువాత వచ్చినది అంతకంటే గడ్డుకాలం. ఏదీ నిశ్చయంగా తెలియదు, దేనికీ ఔనని తల ఊపకూడదు అనే సందేహవాదుల వైపు మొగ్గాడు. చేతకాని వైద్యుడి చేతిలో పడి దెబ్బతిన్న రోగి మంచి వైద్యుణ్ణి చూసినా జడిసినట్లు, నయమయ్యే దారి ఎదుట ఉన్నా మనసును వెనక్కి లాక్కున్నాడు.

మిలాను మేత్రాణులు అంబ్రోసు వారు అతణ్ణి తండ్రిలా ఆదరించారు. మొదట అగుస్తీనుకు నచ్చింది ఆ ఆదరణే, బోధ కాదు. వారు వాదానికి దిగలేదు. ఆదివారం ప్రసంగాలు వింటూ ఉండగా, కథోలికులు దేవునికి మనిషి రూపం అంటగడతారని తాను ఇన్నాళ్లూ విన్నది నిజం కాదని తెలిసింది. మరొకటి కూడా ఆలోచించాడు. తన తల్లిదండ్రులు వీరేనని తాను నమ్మేది ఇతరులు చెప్పబట్టే. చూడని నగరాలు, స్నేహితుల మాటలు, ఇవన్నీ నమ్మకుండా ఒక్క రోజైనా బతకలేం. అయితే ఎవరిని నమ్మాలన్నదే ప్రశ్న గాని, అసలు నమ్మవచ్చునా అన్నది కాదు. ఇలా పిడికెడు పిడికెడుగా నమ్మకం తిరిగి వచ్చింది. తొందరపడలేదు, దాదాపు రెండేళ్లు పట్టింది.

386 వేసవిలో తోటలో మనసు మారిన సంగతి మీకు తెలిసిందే. ఆ శరదృతువులో ఉద్యోగం వదులుకొని, తల్లితో, కొడుకు అదెయోదాతుసుతో, మిత్రులతో కాస్సిసియాకుం అనే పల్లెలో ఉన్నాడు. అక్కడ మొదలుపెట్టిన మొదటి గ్రంథం సందేహవాదుల మీదనే. మనిషికి సత్యం దొరుకుతుందా లేదా అన్నది ముందు తేల్చుకోవాలి కదా! దానిని రొమానియానుసుకు అంకితమిచ్చాడు. ఒకప్పుడు అతణ్ణి ఆ మతంలోకి లాగింది తానే. 387 పాస్కా జాగరణ రాత్రి అంబ్రోసు వారి చేతులమీదుగా జ్ఞానస్నానం పొందాడు.

ఆ తొమ్మిదేళ్లు అంతటితో వదలలేదు. 391లో హిప్పోలో గురువయ్యాక, తన మాట విని అందులో చేరిన హొనొరాతుసు కోసం నమ్మడం వల్ల ప్రయోజనం గురించి ఒక పుస్తకం రాశారు. 392 ఆగస్టులో పాత పరిచయస్థుడైన మానీ గురువు ఫోర్తునాతుసుతో రెండు రోజులు బహిరంగంగా చర్చించారు. పీఠాధిపతిగా అభిషేకించే వేళ ఆ ప్రాంతపు పెద్ద మేత్రాణులు మెగాలియుసు వారే మొదట అనుమానించారు. ఇతడు ఇంకా మానీ మతస్థుడేనని ప్రత్యర్థులు చాలాకాలం దెప్పారు. దానికి జవాబుగా ఏదీ దాచుకోలేదు; 397 తరువాత రాసిన ఆత్మకథలో అంతా బయటపెట్టారు. మానీ మతస్థులను కూడా మెత్తగానే పిలిచారు, ఆ పొరపాటులోనుంచి బయటపడడం ఎంత శ్రమో తెలిసినవారు గనుక. దొనాతుసు వర్గం విషయంలో మాత్రం, 405 నాటి శాసనం తరువాత, ప్రభుత్వ బలవంతాన్ని సమర్థించారు. ఆ మెత్తదనం అక్కడ నిలవకపోవడం విచారకరమే.

డెబ్బై దాటాక, 426-427లో, తాను రాసిన పుస్తకాలన్నీ వరుసగా ముందేసుకొని, ఎక్కడెక్కడ పొరబడ్డానో తానే దిద్దుతూ మరో గ్రంథం రాశారు. ఆ వరుసలో మొదటిది కాస్సిసియాకుంలో సందేహవాదుల మీద రాసిన ఆ పుస్తకమే.