క్లౌ దొరగారి కాలము, ఆయన సేవ

ధ్యానమునకు: అపొ. కార్య. 13:36; మత్తయి 4:1-4



దావీదు ఏ తరములో పుట్టెనో ఆ తరమునకే సేవచేసి నిద్రించెను. ఒంగోలు మిషనెరీ జాన్ ఎవరెట్ క్లౌ దొరగారి జీవితమును ఆ వెలుగులో చూతము.

ఆయన 1836 జూలై 16న అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రమున జన్మించిరి. ఆ సంవత్సరమే సామ్యూల్ డే దొరగారు విశాఖపట్నమునకు వచ్చి అమెరికను బాప్టిస్టువారి తెలుగు సేవను ఆరంభించిరి. క్లౌగారు యౌవనమున భూములు కొలుచు పని నేర్చుకొనిరి. 1864 చివర, బానిసత్వమును గూర్చి తమ దేశములో యుద్ధము జరుగుచుండగా, ఓడ ఎక్కిరి. మరు సంవత్సరము యుద్ధము ముగిసి అక్కడ బానిసత్వము రద్దాయెను. 1866లో ఆయన ఒంగోలు చేరిరి. 1867 జనవరి 1న అక్కడ సంఘము ఏర్పడినప్పుడు సభ్యులు 8 మందియే. మాదిగలను చేర్చుకొన్నచో మేము రామని పై కులములవారు చెప్పినను, ఆయన బీదలను త్రోసివేయలేదు.

1876లో వానలు లేకపోయెను. 1877 జనవరి 1న ఢిల్లీలో గొప్ప దర్బారు జరిపి విక్టోరియా రాణిని చక్రవర్తినిగా చాటిరి. ఆ దినములలోనే దక్షిణదేశమున జనులు ఆకలితో చచ్చుచుండిరి. ఆ కరవులో 50 లక్షలకు పైగా మరణించిరని అంచనా. అప్పుడు పాత కొలతపని అక్కరకు వచ్చెను. బకింగుహాము కాలువలో 3 మైళ్లకు పైగా త్రవ్వించు కంట్రాక్టును దొరగారు తీసికొని, వేలమందికి కూలి ఇచ్చి బ్రదికించిరి. బోధకులే మేస్త్రీలై పని చూచుచు, విశ్రాంతి వేళల సువార్త చెప్పిరి.

అనేకులు బాప్తిస్మము కోరిరి. ఆయన ఒప్పుకొనలేదు. గంజి కొరకు వచ్చిన నమ్మకము గంజితోనే పోవునని ఎంచి 15 నెలలు ఆపిరి. సహాయము నిలిచిన తరువాతనే, 1878లో, తలుపు తెరచిరి. జూలై 3న వెల్లంపల్లి యొద్ద గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఇచ్చినవారు తెలుగు బోధకులు ఆరుగురు. దొరగారు ఒడ్డుననే నిలిచిరి.

1910 నవంబరు 24న ఆయన అమెరికాలో ప్రభువునందు నిద్రించిరి.

రాళ్లను రొట్టెలు చేయుమన్న శోధకుని మాటను ప్రభువు త్రోసివేసెను. ఆకలిగొన్న జనులకైతే రొట్టెలు పంచెను. దొరగారు ఈ రెండును నేర్చుకొనిరి: అన్నము ఆకలిగొన్న వారికందరికి, బాప్తిస్మము నమ్మినవారికి. మన తరములోను వరదలు, కరవులు వచ్చును. పొరుగువాని దేవుడెవరని అడుగక గింజలు పంచుదము. మనము ప్రభువును వెంబడించునది రొట్టెకొరకా, ఆయన కొరకా అని ఎవరిమట్టుకు వారు పరీక్షించుకొందము.